ఒళ్లు ఝల్లుమంటే జబ్బేనా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది ఒంగోలు. పెళ్లయ్యాక మూడేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. పాట వింటుంటే ఒక్కోచోట నా ఒళ్లు ఝల్లుమని చేతుల మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడతాయి. మొన్న కపాలీశ్వరుడి గుళ్లో నాదస్వరం వింటుంటే మెడ నుంచి నడుం దాకా చన్నీళ్లు పోసినట్టయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మా వారు పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నారు. ‘నీకు నరాల బలహీనత, ఎవరికైనా చూపించుకో’ అంటారు. ఇంకో సంగతి. అలా అనిపించిన పాటను ఆఫీసుకెళ్తూ రైల్లో పదేసిసార్లు వింటే వారం తిరక్కుండానే ఏమీ అనిపించడం లేదు. ఇది జబ్బా? 
– ఒక పాఠకురాలు, వేలచ్చేరి

జవాబు: జబ్బు కాదమ్మాయ్. మీ వారితో నా మాటగా చెప్పు, నరం పనిచేస్తేనే వెంట్రుక లేస్తుందని.

ఒంటి మీద దాదాపు ప్రతి వెంట్రుక మొదట్లోనూ కంటికి ఆననంత కండరం ఒకటి ఉంటుంది. దాని మీద మన పెత్తనం చెల్లదు. చలేసినా భయమేసినా, మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాలు కబురు పంపుతాయి, అది బిగుసుకుని వెంట్రుకను నిలబెడుతుంది. ఇక్కడి మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పే రోజుల్లో వైవాకు, అంటే నోటి పరీక్షకు, వచ్చిన పిల్లల్ని అడిగేదాన్ని, కుక్క ఎదురుపడితే పిల్లి రెండింతలెందుకవుతుందని. పిల్లికి బొచ్చుంది కాబట్టి ఉబ్బి పెద్దగా కనబడుతుంది, చలిలో వెచ్చగానూ ఉంటుంది. మనకు బొచ్చు పోయింది గానీ తీగ తెగలేదు.

చలికీ భయానికీ సరే, పాటకెందుకు? దానికి నా సొంత ముచ్చట ఒకటి చెప్పాలి.

1987 డిసెంబరు. మైలాపూరులో ఒక సభ, ఇనప కుర్చీలు, వెనక క్యాంటీన్ నుంచి డికాక్షన్ వాసన. తోడి రాగం ఆలాపన సాగుతోంది. విద్వాంసుడు పంచమం, ధైవతం, నిషాదం మీదుగా పై షడ్జం అంచు దాకా ఎక్కుతాడు, అందుకోకుండా మెల్లగా దిగిపోతాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఇరవై నిమిషాలు అదే పని. నాలుగోసారి అందుకుని, కదలకుండా నిలబడ్డాడు. మృదంగం లేదు, తంబురా శ్రుతి, ఆ ఒక్క స్వరం, అంతే. నా ముంజేతి మీద చర్మం ఈకలు పీకిన కోడిలా అయిపోయింది. పక్క కుర్చీలో తొమ్మిది గజాల చీరలో ఒక మామి, అంతకుముందు ముఖపరిచయం కూడా లేదు, తన చెయ్యి చాపి నా చేతి పక్కన పెట్టి ‘పుల్లరిక్కుదు’ అంది. అప్పటికి నాకు తమిళం అంతంతమాత్రమే. అయినా చెయ్యి చూశాక ఆ మాటకు అర్థం ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. చలి మీదకు నెట్టేద్దామంటే ఆ హాల్లో ఏసీ కూడా లేదు!

ఆ ఇరవై నిమిషాలూ మా ఇద్దరి ఒళ్లూ ఎదురుచూశాయి. కిటుకంతా అక్కడే ఉంది. కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు 2011లో దీన్ని మెదడు స్కానుల్లో పట్టుకున్నారు. తమకు ఝల్లుమనిపించే సంగీతాన్ని మనుషుల చేతే ఎంపిక చేయించి వినిపిస్తే మెదడులో డోపమిన్ అనే, సంతోషంతో ముడిపడ్డ రసాయనం విడుదలైంది. అదీ ఒక్కచోట కాదు. ఆ ఘట్టం వస్తోందనగా కాడేట్ అనే భాగం చురుగ్గా ఉంది, తీరా వచ్చాక అకంబెన్స్ అనే భాగం అందుకుంది. అంటే స్వరం రాకముందే సగం పండగ మొదలవుతుందన్నమాట. ఆకలిగా ఉన్నవాడికి వంటింట్లోంచి పోపు వాసన వచ్చినట్టు.

నీ రైలు పాట చప్పబడింది ఇందుకే. తెలిసిన పాటయితేనే ఎదురుచూపు ఉంటుంది, నిజమే. కానీ రోజుకు పదిసార్లు వింటే ఎదురుచూడ్డానికేం మిగులుతుంది? పైగా మీ తరం పిల్లలు పాటను మొదట్నుంచి వినరు, వేలితో జరిపి ఆ ముక్క దగ్గరే పెట్టుకుంటారు. మా మనవరాలిదీ అదే తంతు. మెట్లెక్కకుండా గోపురం మీద వాలాలంటే ఎలా? పదిహేను రోజులు ఆ పాట జోలికి పోకు. తర్వాత ఒక రాత్రి దీపం తగ్గించి మొత్తం పాట విను. వచ్చిందా లేదా అని మాత్రం చెయ్యి చూసుకుంటూ కూర్చోకు, కాపలా కాస్తే రాదు.

కన్నీళ్ల గురించి కంగారు పడకు. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్త్విక భావాలు చెబుతూ రోమాంచాన్నీ అశ్రువునూ ఒకే వరసలో కూర్చోబెట్టాడు. కావాలని తెచ్చుకోలేనివని ఆయనకూ తెలుసు.

ఇక మీ వారి సంగతి. మాంట్రియల్‌లోనే 2001లో ఇంకో పరీక్ష చేశారు. ఒకరికి ఒళ్లు పులకరింపజేసే సంగీతాన్ని మరొకరికి మామూలు సంగీతంగా వాడుకున్నారు. నీ నాదస్వరం ఆయనకు గుడి చప్పుడే కావచ్చు. ఆయన కాలేజీ రోజుల పాట ఏదో కనుక్కుని, పొట్టిచేతుల చొక్కా వేసుకున్న రోజు పెట్టి చూడు. చెయ్యే సాక్ష్యం చెబుతుంది.

ఒక్క మాట డాక్టరుగా. ఏ పాటా లేకుండా, ఒంటికి ఒక పక్కనే, మళ్లీ మళ్లీ ఇలా వస్తూ, ఆ కాసేపు ఎదుటివాళ్ల మాట తెలియకుండా పోతుంటే అది వేరే సంగతి, న్యూరాలజిస్టుకు చూపించాలి. నీ ఉత్తరంలో అదేం లేదు.

ప్రశ్న: నా వయసు 66. షీట్ మెటల్ షాపులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ త్యాగరాజ కృతి వింటూ కళ్లొత్తుకుంటుంది. నాకు ఒక్కనాడూ ఏమీ కాలేదు. ఈ మధ్య ఫిడేలు కూడా రేకు గీకినట్టుంది. నేను రాయినా? 
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: రాయి కాదు అన్నగారూ. చెవులు బాగుండి, డబ్బు గెలిస్తే సంతోషించి, పాట మాత్రం బొత్తిగా పట్టనివాళ్లు కొందరుంటారని బార్సిలోనా పరిశోధకులు 2014లో చూపించారు. వాళ్లకూ జబ్బేం లేదు. కానీ మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది ‘షీట్ మెటల్ షాపు’ దగ్గర. ఏళ్ల తరబడి రేకుల మోత వింటే చెవి ముందుగా నష్టపోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి కీచు ధ్వనుల దగ్గర. మాటలు వినబడుతూనే ఉంటాయి గనక మనిషికి తెలియదు. ఫిడేలు మెరుపు, తంబురా జీర మాత్రం జారిపోతాయి. ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకోండి. టీవీ సౌండు తగ్గించమని మీ ఆవిడ ఎన్నేళ్లుగా అంటోందో ఆవిణ్ణే అడిగి, అదీ రాయండి.