ఫోటోషాప్ కాపీకి లైసెన్సు లేదని దాన్ని తయారుచేసే అడోబ్ కంపెనీకి ఎలా తెలుస్తుంది?

మీ ఖాతాకు చెల్లే లైసెన్సు ఉందా, దాన్ని ఎన్ని కంప్యూటర్లలో వాడుతున్నారు, ప్రోగ్రామ్ ఫైళ్లను ఎవరైనా మార్చారా అన్నవి చూసి తెలుసుకుంటారు.

మొదటి రెండూ సర్వర్, అంటే నెట్‌లో ఉండే కంపెనీ కంప్యూటర్, చూసుకుంటుంది. సైన్ ఇన్ చేయగానే ఆ కంప్యూటర్ ఖాతా కింద నమోదవుతుంది. అసలు కిటుకు మూడోదానిలో ఉంది. కంపెనీ తన ఫైళ్లపై డిజిటల్ సంతకం పెడుతుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా లక్క ముద్ర చెదిరిన కవరులా ఆ సంతకం సరిపోలదు. క్రాక్ అంటే లైసెన్సు అడిగే భాగాన్ని మార్చడమే కాబట్టి, ఆ మార్పే సాక్ష్యంగా మిగులుతుంది.

విజయనగరం గంటస్తంభం దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక స్టూడియోలో మూడు కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. అడోబ్ వ్యక్తిగత చందాతో రెండింటిలోనే సైన్ ఇన్ అయి ఉండవచ్చు. మూడోదానిలో తెరిస్తే, పాతవాటిలో ఒకదాని నుంచి సైన్ అవుట్ చేయమని తెరపై అడుగుతుంది.

నెట్ ఆపేస్తే ఏమీ తెలియదని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. లైసెన్సు గడువు కంప్యూటర్‌లోనే నమోదై ఉంటుంది. అది దాటితే నెట్ లేకపోయినా ప్రోగ్రామ్ ఆగిపోతుంది. క్రాక్ చేసిన కాపీ అప్పటికి నడిచినా, నెట్ తగిలిన రోజున బయటపడవచ్చు. పైగా ఈ క్రాక్ ఫైళ్లతో పాటు వైరస్‌లు తరచూ దూరుతుంటాయి. పెళ్లివారి ఫోటోలన్నీ ఉన్న కంప్యూటర్‌లో అది చిన్న ప్రమాదం కాదు.