624 దగ్గర జాగ్రత్తమ్మా

అమ్మలూ,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నువ్వు బీటా స్పెక్ట్రోమీటర్ (రేడియోధార్మిక పదార్థం చిమ్మే ఎలక్ట్రాన్ల శక్తిని అయస్కాంతంతో కొలిచే పరికరం) తీసుకున్నావని మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సగం సంతోషం, సగం గుబులు. ఇక నిద్ర పట్టలేదు. సీజియం-137తో మొదలుపెడతావట కదా. నేనూ దానితోనే మొదలుపెట్టాను. అక్కడే బోల్తా పడ్డాను.

లెక్క నీకు తెలిసిందే. అయస్కాంత క్షేత్రం, వంపు వ్యాసార్ధం తెలిస్తే ద్రవ్యవేగం వస్తుంది. దాని వర్గానికి విరామశక్తి (కదలకపోయినా ద్రవ్యరాశి వల్ల ఉండే శక్తి) వర్గం కలిపి, వర్గమూలం తీసి, అందులోంచి విరామశక్తి తీసేస్తే గతిజశక్తి. ఎలక్ట్రాన్ విరామశక్తి 0.511 ఎంఈవీ, అంటే మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. సోర్సుని చేత్తో ముట్టుకోకు, పటకారు వాడు.

ఇక నా సంగతి. జంటగా చేసేవాడు జ్వరమొచ్చి ఊరెళ్ళిపోయాడు. ఒక్కణ్ణే రీడింగులు తీశాను. పెద్ద శిఖరం 1.014 ఎంఈవీ/సి (ద్రవ్యవేగం ప్రమాణం, సి అంటే కాంతి వేగం) దగ్గర వచ్చింది. అది సరైన రీడింగే. కానీ నా చెయ్యి ఇంటర్ నాటి అలవాటుతో న్యూటన్ లెక్క ప్రకారం ద్రవ్యవేగం వర్గాన్ని ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగించేసింది. 1.006 ఎంఈవీ వచ్చింది. ఎలా వస్తుంది? సీజియం క్షయమై మారే బేరియం కేంద్రకం ఇచ్చేదే 0.6617. అందులో 0.0374 ఎలక్ట్రాన్‌ని లోపలి కక్ష్య నుంచి విడిపించడానికి పోతుంది. మిగిలేది దాదాపు 0.624. అర్ధరూపాయి ఇచ్చి పంపితే రూపాయి సరుకు తెచ్చినట్టుంది.

నా సూత్రాన్ని అనుమానించాలని తోచలేదు చూడు! అయస్కాంతాన్ని అనుమానించాను. మూడు రోజులు దానితో కుస్తీ పట్టాను. నాలుగో రాత్రి రికార్డులో క్షేత్రం విలువలన్నీ 21.2 శాతం తగ్గించి, పక్కన 'కాలిబ్రేషన్ కరెక్షన్' అని అందంగా రాశాను. 624 కేఈవీ (అదే 0.624 ఎంఈవీ) అతికినట్టు వచ్చింది. హాయిగా పడుకున్నాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ పేజీ చూడనే లేదు. పక్క పేజీ తిప్పాడు. ప్రధాన బీటా వర్ణపటం చివరి అంచు (ఆ ఎలక్ట్రాన్లకి ఉండగల గరిష్ఠ శక్తి) 514 కేఈవీ ఉండాల్సింది, నాది 480. "అయస్కాంతం తప్పే అయితే రెండూ ఒకే దిద్దుబాటుతో సరిపోవాలి కదయ్యా?" అన్నాడు. నోరు పెగల్లేదు. ఆ 624 ఎలక్ట్రాన్ కాంతి వేగంలో 89 శాతంతో పోతోంది, అంచు దగ్గరిది 87 శాతంతో. న్యూటన్ లెక్కలో తప్పు వేగంతో పాటు మారుతుంది. దాన్ని ఒక్క శాతంతో కప్పెయ్యడం కుదరదు.

నువ్వలా చెయ్యవంటావా? మా నాన్న కూడా నా గురించి అలాగే అనుకునేవాడు. అంకె కుదరకపోతే కొట్టేసి పక్కనే మళ్ళీ రాయి, కొట్టేసింది కనబడనియ్యి. తెల్లారిదాకా కూర్చోకు, తిండి మానెయ్యకు. ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ఎలాగూ మెలకువగానే ఉంటాను.

రేపెప్పుడైనా ప్రోటాన్లకి వెళ్తే ఇంకో చిక్కుంది. ద్రవ్యవేగం 1 ఎంఈవీ/సి ఉన్న ప్రోటాన్‌కి 938.2726లోంచి 938.2721 తీసెయ్యాల్సి వస్తుంది, కాలిక్యులేటర్లో పనికొచ్చే అంకెలు దాదాపు మిగలవు. అప్పుడు తీసివేత మానేసి, ద్రవ్యవేగం వర్గాన్ని మొత్తం శక్తి, విరామశక్తి కూడితే వచ్చేదానితో భాగించు. 533 ఎలక్ట్రాన్ వోల్టులు చక్కగా వస్తుంది.

ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించకు. ఆ ల్యాబ్‌లో నాకెన్ని మార్కులొచ్చాయో మా చెల్లెలికి ఇప్పటికీ తెలీదు.

నీ మావయ్య