ఎలుక కణాలన్నిటిలో డీఎన్ఏ ఒకటే అయితే, కాలేయంలోనూ మెదడులోనూ జన్యువుల పనిని విడివిడిగా కొలవడం ఎందుకు?

బరంపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. డీఎన్ఏ దాదాపు ఒకటే, నిజమే. మీ ఊరి తెలుగువాళ్లకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. రెండూ వచ్చినా చోటును బట్టి ఒకటి బయటికి వస్తుంది. కణమూ అంతే. అల్బుమిన్ అనే రక్త ప్రోటీన్ జన్యువు కాలేయంలో జోరుగా పనిచేస్తుంది, మెదడులో దాదాపు మౌనం.

కొలిచేది జన్యువును కాదు, దాని నుంచి తయారైన ఆర్ఎన్ఏను. అవయవాన్ని తీసిన వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టిస్తారు. అసలు చిక్కు క్లోమంతోనే: ఆర్ఎన్ఏను తునకలు చేసే ఎంజైములు అందులోనే దండిగా ఉంటాయి. కాస్త ఆలస్యమైతే నమూనా పాడైనట్టే.

మొత్తం ఆర్ఎన్ఏలో సుమారు 80 శాతం, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములదే. దాన్ని తప్పించి, మిగిలినదాన్ని డీఎన్ఏగా మార్చి, సీక్వెన్సింగ్ యంత్రంతో చదివించి, ఏ జన్యువు తునకలు ఎన్ని వచ్చాయో లెక్కిస్తారు. పొడవైన జన్యువుకు సహజంగానే ఎక్కువ తునకలు వస్తాయి. ఆ తేడాను సరిచేయకుండా పోల్చిన పట్టికలను నేనైతే నమ్మను.

ఇంకొకటి, కాలేయం ముక్కలో రక్తకణాలూ కలిసే ఉంటాయి. అందుకే 2018లో వెలువడిన టాబులా మురిస్ అనే ఎలుక కణాల అట్లాస్‌లో 20 అవయవాల నుంచి సుమారు లక్ష కణాలను ఒక్కొక్కటిగా చదివారు.