అంటుకట్టడం గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

జపనీస్ మేపుల్‌ అంట్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశావు. కానీ "ఇలా చెయ్యాలి" అని అడుగడుగునా ఉంది, ఎందుకు చెయ్యాలో ఎక్కడా లేదు.

గాలి అంటు, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేర్లు పుట్టించడం, దాని సంగతే చూడు. కొమ్మ చుట్టూ బెరడు వలవమన్నావు. ఎంత వెడల్పున? కొమ్మ మందానికి ఒకటిన్నర, రెండు రెట్లు ఉండాలి. తక్కువ వలిస్తే చెట్టు ఆ గాయాన్ని మళ్లీ బెరడుతో కప్పేసుకుంటుంది, వేర్లు రావు. చెక్క మీద జిగటగా మిగిలే, కొత్త బెరడును పుట్టించే కేంబియం పొరను గోకెయ్యాలనేదీ అందుకే. అసలు కిటుకు దీని తర్వాత ఉంది. నీళ్లు లోపలి చెక్కలోంచి పైకి పోతూనే ఉంటాయి, కాబట్టి ఆకులు వాడవు. ఆకులు చేసిన చక్కెర, వేర్లు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ మాత్రం బెరడు వైపు నుంచి కిందికి దిగుతాయి. దారి తెగేసరికి గాయం పై అంచున పోగుపడతాయి. వేర్లు వచ్చేదీ అక్కడే. ఇది అర్థమైన పాఠకుడు హార్మోన్ పొడి ఎక్కడ రాయాలని నిన్ను అడగడు. తడి నాచు పెట్టి ప్లాస్టిక్ చుట్టడాన్ని మాత్రం పేజీడు రాశావు, రెండు వాక్యాలు చాలు.

కొమ్మ అంటు, అంటే ఒక మొక్క పుల్లను ఇంకో మొక్క మీద అతికించడం, అక్కడ తొందరపడ్డావు. విత్తనంతో పెంచితే తల్లి పోలిక వస్తుందన్న నమ్మకం లేదు, అందుకే 'బ్లడ్‌గుడ్' లాంటి రకాలను మామూలు జపనీస్ మేపుల్ (ఏసర్ పామేటమ్) మొలక మీద కడతారు. ముందు ఆ మాట చెప్పు. శీతాకాలంలో కట్టమన్నావు, బాగుంది. కట్టేముందు ఆ మొలక ఉన్న కుండీలో మట్టి కాస్త ఆరనివ్వాలని చెప్పలేదు. మేపుల్‌ను కోస్తే రసం కారుతుంది, ఆ తడికి అంటు అతకదు. కట్టే పుల్ల సన్నగా, కింద వేర్లున్న మూలం మొక్క లావుగా ఉంటే ఒక పక్క కేంబియాలు కలిసినా చాలు. రెండు పక్కలా కలవాల్సిందేనని రాసి జనాన్ని ఊరికే టెన్షన్ పెట్టావు.

"సున్నితమైన కళ" అన్న మాట కొట్టెయ్. కత్తి పదునుగా, శుభ్రంగా ఉండాలని రాయి.

కొమ్మ అంటు మచ్చ కాండం మీద ఏళ్ల తరబడి కనిపిస్తుంది, బోన్సాయ్ పెంచేవాళ్లు గాలి అంటుకు మొగ్గేది అందుకే. నీ రెండు భాగాలనూ కలపడానికి ఇది పనికొస్తుంది. అలాగని అన్ని రకాలూ సొంత వేర్ల మీద బలంగా పెరగవు, అదీ చెప్పు.

గాలి అంటులో కొమ్మను చెట్టు నుంచి ఎప్పుడు వేరు చెయ్యాలో కూడా రాయలేదు. తెల్ల వేర్లు ముదిరి గోధుమరంగుకు తిరిగేదాకా ఆగాలి, లేతవి తాకితేనే విరుగుతాయి. నాచును దులపకుండా అలాగే నాటాలి. ఇవి చేర్చి మళ్లీ పంపు.