పోటెమ్‌కిన్ జీవితం రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలూ, మామయ్య ఆశీస్సులు.

పోటెమ్‌కిన్ జీవితం రాస్తున్నావనీ, అట్టల ఊళ్లతో మొదలుపెట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పేరా ముందు తీసెయ్యి తల్లీ. రష్యా మహారాణి రెండవ కాథరీన్‌ను మురిపించడానికి, ఆమె మంత్రీ సేనానీ అయిన పోటెమ్‌కిన్ నది ఒడ్డున ఉత్తుత్తి ఇళ్లు నిలబెట్టాడని ముప్ఫై ఏళ్ల కిందట నేనూ తరగతిలో చెప్పాను. ఆ పిల్లలు ఇంకా అదే నమ్ముతుంటారేమోనన్న బాధ ఈనాటికీ నన్ను వదల్లేదు.

ఏ కథ విన్నా, చెప్పినవాడు కళ్లారా చూశాడా అని అడుగు. 1787లో రెండవ కాథరీన్ ద్నీపర్ నది మీదుగా క్రిమియాకు వెళ్లింది. ఈ కథను ఊరూరా పాకించిన హెల్బిగ్ సాక్సనీ రాయబార కార్యాలయంలో ఉద్యోగి. ఆ ప్రయాణంలో అతను లేడు. వెంట ఉన్న లీన్య్ ప్రభువు ఈ మాట కొట్టిపారేశాడు. ఇళ్లకు సున్నాలు వేయించి, తోరణాలు కట్టించిన మాట నిజమే. పెద్దవాళ్లు వస్తున్నారంటే ఎక్కడైనా చేసేదే అది.

ఆ ప్రయాణంలోనే, క్రిమియాలోని ఇంకర్‌మన్‌లో భోజనాల వేళ తెర లాగారు. ఎదురుగా సెవాస్తొపోల్ రేవులో యుద్ధనౌకలు బారులు తీరి కనిపించాయి. అవి అట్టవి కావు. అదే ఏడు తురుష్కులతో యుద్ధం వస్తే ఆ నౌకలే సముద్రం మీదికి వెళ్లాయి. తుఫానులో చితికిపోయాయి కూడా. అప్పుడు పోటెమ్‌కిన్ బెంబేలెత్తిపోయి, క్రిమియా వదిలేద్దామని, తనను తప్పించమని కాథరీన్‌కు రాశాడు. ధైర్యం చెప్పి నిలబెట్టింది ఆవిడే. ఆ ఉత్తరాల దగ్గర ఆగు, తొందరపడకు. మనిషి అక్కడే దొరుకుతాడు.

బిరుదుల జాబితా రెండు వాక్యాల్లో తేల్చెయ్యి. దానికన్నా సిపాయిల జుట్టు గురించి రాయి. కొవ్వు, పిండి, పిన్నులు, జడలు: వీటితో పొద్దు పుచ్చడం సిపాయి పనా అని ఒక కాగితంలో అడిగి, 1783లో అవన్నీ మాన్పించాడు. లేచాడంటే తయారైనట్టే ఉండాలన్నాడు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది ఆ కాగితంతోనే.

ప్రేమ పుట్టింది కదా అని చేదు దాచకు. 1775లో ద్నీపర్ తీరపు యోధులైన జపరోజ్యే కొసాక్కుల కోట సీచ్‌ను కూల్చేశారు, అందులో ఆయనకూ పాలుంది. 1783లో క్రిమియా రష్యాలో కలిశాక అక్కడి ముస్లిం ప్రజలైన తాతారులు ఎందరో ఇల్లూ వాకిలీ వదిలి పోయారు. తురుష్కుల కోట ఒచాకోవ్ ముట్టడి 1788 వేసవి నుంచి డిసెంబరు దాకా సాగింది; సిపాయిలు చలికి చచ్చారు, కోట పడ్డాక లోపలివాళ్లను ఊచకోత కోశారు. ఖేర్సన్, నికొలాయెవ్ నగరాలు కట్టించాడని రాసిన పేజీలోనే ఇదీ ఉండాలి.

తేదీలు జాగ్రత్త. ఆ శతాబ్దంలో రష్యా క్యాలెండరు ఇప్పుడు మనం వాడే క్యాలెండరుకన్నా పదకొండు రోజులు వెనక. ఆయన పోయిన రోజు వాళ్లకు 1791 అక్టోబరు 5, మనకు 16. యాసీ పట్నం నుంచి నికొలాయెవ్‌కు వెళుతూ దారిలో బండి ఆపించి, తనను బయట గడ్డి మీద పడుకోబెట్టమన్నాడు. అక్కడే ప్రాణం పోయింది. ఖేర్సన్‌లో సమాధి చేశారు. 2022లో రష్యన్ సేనలు వెనక్కి పోతూ ఆ ఎముకలు వెంట తీసుకుపోయాయి.

రాసినంతవరకు పంపు. ఒచాకోవ్ భాగం ముందు చూస్తాను.

మీ మామయ్య