సర్వపిండి పడదా, నచ్చదా, సయించదా?

సందేహం: నా పుట్టిల్లు గుంటూరు, మెట్టినిల్లు హన్మకొండ. ఇక్కడ ఇంటిల్లిపాదికీ సర్వపిండి అంటే ప్రాణం. నాకేమో ఎందుకో నచ్చదు. మొన్న "నాకు సర్వపిండి పడదు" అన్నాను. మా ఆడబిడ్డ కంగారుపడి "ఏమైతది? కడుపు నొస్తదా?" అని అడిగింది. నేను తప్పు మాట వాడానా? నచ్చదు, పడదు, సయించదు, గిట్టదు ఒకటి కావా? 'అయిష్టం' తప్పు, 'అనిష్టం' అనాలని కూడా ఒకరన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: మీ ఆడబిడ్డ సరిగ్గానే అర్థం చేసుకున్నారు. తిండి విషయంలో 'పడదు' ఒంటికి సంబంధించిన మాట. వంకాయ పడదంటే దురద వస్తుందని, పెరుగు పడదంటే జలుబు చేస్తుందని వినేవారికి తోస్తుంది. మనుషుల మధ్యనైతే అదే మాట పొత్తు కుదరకపోవడం అవుతుంది: "వాళ్లిద్దరికీ పడదు". మీ కడుపుకు సర్వపిండితో పేచీ లేదు కదా, అందుకే ఆ మాట ఇక్కడ అతకలేదు.

మీరు అనవలసింది 'నచ్చదు'. ఇది అచ్చతెలుగు మాట. కన్నడంలో 'నచ్చు' అంటే నమ్మడం. మన 'నచ్చజెప్పడం'లోనూ మనసును ఒప్పించడమనే భావమే ఉంది. కాబట్టి నచ్చదంటే నా మనసు ఒప్పదని చెప్పడమే, వంటకానికి వంక పెట్టడం కాదు. అయితే 'నచ్చదు', 'నచ్చలేదు' ఒకటి కావు. మొదటిది మీ అలవాటు. రెండోది ఆ పూట వండిన చేతి మీద తీర్పు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు కలిపి, సర్వ అనే గిన్నె లోపల అంచులదాకా ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి, సన్నటి సెగ మీద కాల్చిన మనిషి ఎదుట 'నచ్చలేదు' అంటే ఆమె నొచ్చుకుంటుంది. (పేరులోని 'సర్వ' సంస్కృతపు 'సర్వం' కాదు, ఆ గిన్నె పేరే. గిన్నప్ప, తపాలచెక్క అనే పేర్లు కూడా పాత్రను బట్టి వచ్చినవే.)

'సయించదు' నాకు చాలా ఇష్టమైన మాట. సంస్కృత 'సహించు' జనం నోట నలిగి 'సయించు' అయింది. చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే మా మేనత్త జావ గిన్నె పట్టుకుని మంచం పట్టె మీద కూర్చొని "సయిస్తలేదా బిడ్డా?" అనేది. తప్పు జావది కాదు, నాదీ కాదు, జ్వరానిదని ఆ ఒక్క మాటలోనే ఉంది. 'సయిస్తలేదు' అంటే ఇప్పుడు నోటికి పోవడం లేదని, రేపు పోవచ్చని. 'నాకు' తీసి 'నేను' పెట్టారా, మొత్తం మారిపోతుంది. "నాకు సర్వపిండి సయించదు" అంటే నోటి సంగతి. "నేను సర్వపిండిని సహించను" అంటే తగవు.

'గిట్టదు' ఇంట్లో వాడకండి. ఎనుమాముల మార్కెట్లో రైతు అడిగే గిట్టుబాటు ధరలో ఉన్న 'గిట్టు' ఇదే. తగి ఉండటం, కూడిరావడం దాని అర్థం. కానీ 'అంటే' చేర్చి "ఫలానా అంటే గిట్టదు" అనేసరికి అందులోకి ద్వేషం వచ్చి చేరుతుంది. అది పగవాడికి చెల్లుతుంది గాని పిండివంటకు వద్దు. 'మొహం మొత్తింది' కూడా మీకు పనికిరాదు. ముందు ఇష్టంగా, అతిగా తిన్నవారికే అది వర్తిస్తుంది.

మీ మెట్టినింటి పలుకుబడిలోనే ఒక మెత్తని మాట ఉంది. గుంటూరులో 'ఆకలి వేస్తోంది' అనేది ఇక్కడ 'ఆకలైతంది' అయినట్టే, 'తినాలనిపించడం లేదు' అనేదాన్ని ఇక్కడ "తినబుద్ధయితలేదు" అంటారు. పళ్లెం ముందుకు జరిపినప్పుడు "ఇప్పుడు తినబుద్ధయితలేదు వదినా" అనండి. మీ ఆడబిడ్డ మీకన్నా చిన్నదైతే 'వదినా' తీసేయండి.

ఇక అయిష్టం. సంస్కృతంలో అచ్చు ముందు నిషేధార్థం 'అన్' అవుతుంది కాబట్టి అనుచితం, అనర్థం లాగే అనిష్టం అన్నది వ్యాకరణం. తెలుగువారు అ, ఇష్టం మధ్య యకారం పెట్టి అయిష్టం చేసుకున్నారు. తరవాత ఆ రెంటికీ పని పంచారు. అయిష్టమంటే ఇష్టం లేకపోవడం, అనిష్టమంటే కీడు. వాడుకలో ఇంత స్పష్టంగా స్థిరపడ్డ తేడాను చెరపమనడం నాకు సమ్మతం కాదు. "అయిష్టంగానే ఒక ముక్క తిన్నాను" అని మీరు నిశ్చింతగా రాయవచ్చు. అక్కడ 'అనిష్టంగా' అని మాత్రం రాయకండి.