పాఠకుల ప్రశ్నలు: ఉమ్మడి తోటలో కాపును తూచడం ఎలా?

ప్రశ్న: న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, మా ఇంటికి దగ్గరలో ఉన్న ఉమ్మడి తోటలో నాకు ఒక మడి ఉంది. గోంగూర, బచ్చలి, టమాటా, సొర వేసుకుంటాను. మేము మొత్తం ఇరవై మందిమి. ఈ ఏడు తోటలో ఎంత పండిందో లెక్క తీయాలని అందరం అనుకుని, ఆ బాధ్యత నాకు అప్పగించారు. జీతం తీసుకుని చేసేవారు ఎవరూ లేరు, ఎవరి తీరిక వారిది. కొందరు తూస్తారు, కొందరు మరచిపోతారు. మాతో ఉన్న ఒక పెద్దావిడ, పిందెలను వేలెత్తి చూపితేనే రాలిపోతాయని, తూకం మాటే ఎత్తవద్దని అంటున్నారు. ఇలాంటి లెక్కకు విలువ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, క్వీన్స్

జవాబు: ఉంటుందండి. ఈ పని మీ నగరంలోనే ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. మారా గిటిల్‌మన్ మొదలుపెట్టిన ‘ఫార్మింగ్ కాంక్రీట్’ అనే ప్రయత్నంలో భాగంగా, 2010 పంట కాలంలో 67 ఉమ్మడి తోటలవారు తమ పంటను లెక్కించారు. అన్నీ కలిపి 1.7 ఎకరాల మడులలో దాదాపు 87 వేల పౌండ్లు, అంటే సుమారు 40 టన్నుల కూరగాయలు, పండ్లు పండాయని అంచనా వచ్చింది. చదరపు అడుగుకు 1.2 పౌండ్లు, మన లెక్కలో అరకిలో పైమాట. అంత పంటనూ కాటా మీద పెట్టలేదన్న సంగతిని మీరు ముఖ్యంగా గమనించాలి. మొక్కలను విస్తృతంగా లెక్కపెట్టారు, కోతను మాత్రం కొందరే తూచారు. ఆ తూకాల నుంచి మొక్కకు సగటున ఎంత కాసిందో తేల్చి, మొత్తం మొక్కల సంఖ్యతో హెచ్చవేశారు.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు ఆ నగర చరిత్రలోనే సమాధానం ఉంది. పాడుపడిన స్థలాలలో చెత్త ఎత్తి, మట్టి పోసి పెంచిన తోటలు అవి. 1978 నుంచి ‘గ్రీన్‌థంబ్’ అనే నగరపాలక కార్యక్రమం వాటికి తోడుగా ఉన్నా, 1999లో నగర ప్రభుత్వం వందకు పైగా తోటల స్థలాలను వేలానికి పెట్టింది. రెండు స్వచ్ఛంద సంస్థలు కొనడంతో అవి నిలిచాయి. స్థలం మీద హక్కు గట్టిగా లేనివారికి, ఇక్కడ ఇంత తిండి పండుతున్నదని అంకెలతో చూపగలగడం చిన్న సంగతి కాదు. అందుకే ఆ అంకె నిజాయితీగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక మీ తోట సంగతి. నాట్లు ముగిశాక, జూలైలో ఒక ఆదివారం ఇద్దరు ముగ్గురు కలిసి ప్రతి మడినీ టేపుతో కొలిచి, ఏ మొక్క ఎన్ని ఉన్నాయో రాయండి. టమాటా, వంగ, సొర వంటివాటిని మొక్కలుగా లెక్కించవచ్చు కానీ, వెదజల్లిన తోటకూరను, కొత్తిమీరను మొక్కలుగా లెక్కించలేము. వాటికి చదరపు అడుగులే కొలత. గోంగూరను, బచ్చలిని మళ్ళీ మళ్ళీ కోస్తాము కనుక, ఒక్క కోతను తూచి దాన్నే ఏడాది పంట అనుకోకూడదు, ప్రతి కోతనూ రాయాలి. ఆకును నీళ్ళు దులిపి, ముల్లంగిని మట్టి తుడిచి తూచాలి.

పనిముట్ల గదిలో ఒక డిజిటల్ కాటా, ప్లాస్టిక్ కవరులో ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు ఉంచండి. పెన్ను వద్దు, తడి చేతుల మధ్య సిరా చెదిరిపోతుంది. పౌండ్లలో తూచేవారు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది. కాటా 2 పౌండ్ల 5 ఔన్సులు చూపితే 2.5 అని రాసేస్తారు. పౌండుకు 16 ఔన్సులు కనుక అది నిజానికి 2.31 మాత్రమే. ఈ బాధ లేకుండా అందరూ గ్రాములలోనే రాయడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఖాళీ గడి. ఆ వారం ఏమీ కోయకపోతే సున్నా వేయాలి, కోసి తూచడం మరచిపోతే ‘తూచలేదు’ అని రాయాలి. ఈ రెండూ ఒకటిగా కలిసిపోతే లెక్క ఎటు తప్పిందో చివరికి ఎవరూ చెప్పలేరు. ఉదాహరణకు తోటలో 40 టమాటా మొక్కలుండి, 8 మొక్కల కాపును మాత్రమే సీజనంతా తూచగా 24 కిలోలు వచ్చిందనుకుందాం. మొక్కకు 3 కిలోల చొప్పున మొత్తం 120 కిలోలని అంచనా వేయవచ్చు. అయితే క్రమం తప్పకుండా తూచేవారు సాధారణంగా నీళ్ళు కూడా క్రమం తప్పకుండా పోస్తారు కనుక, వారి సగటు మిగిలినవారి కంటే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఆ మాట కూడా నివేదికలో రాయండి. అంతగా తీరిక లేనివారి మడులను కూడా ఒకటి రెండు ఎంచుకుని, వారి తరఫున మీరే తూస్తే అంచనా సరిదిద్దుకుంటుంది.

పెద్దావిడను బలవంతపెట్టకండి. తీగె మీది పిందె జోలికి ఎవరూ పోరని, కోసి బుట్టలో వేసిన కాయనే తూస్తారని చెప్పి చూడండి. అప్పటికీ ఇష్టపడకపోతే, మొక్కలను లెక్కించడానికి మాత్రం అనుమతి అడగండి. తూకం లేకపోయినా, మొక్కల సంఖ్యను బట్టి ఆవిడ మడి కూడా మొత్తంలో చేరుతుంది.

ప్రశ్న: మా అపార్టుమెంటు మిద్దె మీద పది కుటుంబాలం కలిసి కూరగాయలు పెంచుతున్నాం. పంట విలువను రైతు బజారు ధరకు కట్టాలా, సేంద్రియ దుకాణం ధరకు కట్టాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు కిలోలు రాయండి, రూపాయలు తరువాత. ధరలు వారం వారం మారతాయి, బరువు మారదు. రైతు బజారులో ఆనాటి ధరలు బోర్డు మీద రాస్తారు కనుక, ఎవరైనా సరిచూసుకోగలిగే ఆ ధరనే తీసుకోవాలని నా అభిప్రాయం. సేంద్రియ ధర కడితే మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది కానీ, అడిగినవారికి ఆధారం చూపడం కష్టం. ఆకుకూరలను కట్టలుగా అమ్ముతారు కాబట్టి, బజారులో ఒక కట్ట కొని ఇంటికి తెచ్చి తూచి, ఇంత బరువుకు ఇంత ధర అని నోటుపుస్తకం మొదటి పేజీలో తేదీతో సహా రాసుకోండి.